పాపకు నీళ్ళు పోయడానికి అమ్మ వచ్చిన రోజు

మా అమ్మ బయటివాళ్ళని తిట్టదు. ఈ ఒక్క సంగతి తెలిస్తే చాలు, ఆ గురువారం పొద్దున నేను చేసిన పిచ్చిపనులన్నీ మీకు అర్థమవుతాయి.

అమ్మ పేరు ఇసక్కియమ్మాళ్. కోవిల్‌పట్టిలో పసిపిల్లలకు నూనె రాసి నీళ్ళు పోయడం ఆమె పని. నాన్న నాకు తొమ్మిదేళ్ళప్పుడు పోయాడు. అప్పటినుంచి నేను అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనికి చేరేదాకా, బడి లేని పొద్దుల్లో ఆమె సంచి మోస్తూ ఇల్లిల్లూ తిరిగాను. ఆ ఇళ్ళలో అమ్మని చూస్తే నాకు ఒళ్ళు మండేది. వాళ్ళు నీళ్ళు సరిగ్గా కాచరు, నూనె వేడి చెయ్యరు, ఒక్కోచోట పీట కూడా ఉండదు. అమ్మ మాత్రం నవ్వుమొహంతో ‘పరవాయిల్లైంగ’ అనేది. ఫరవాలేదండీ అని అరవంలో. ఇల్లు దాటి కాలు బయట పెడితే మాకందరికీ అరవమే, తెలుగు గడప లోపలే ఉండిపోతుంది. ఇంటికొచ్చాక అమ్మ గొంతు మారేది. నా జడలో ఒక పాయ ఊడి ఉంటే చాలు, వీధి చివరి దాకా వినబడేట్టు తిట్టేది.

ఒకసారి ఉక్రోషంతో అడిగేశాను. “ఊరోళ్ళ తప్పులన్నీ ఓర్చుకుంటావు. నన్నొక్కదాన్నే ఏమిటికి తిట్టేది?”

“వాళ్ళని తిట్టేదానికి వాళ్ళు నాకేమవుతారే?” అంది అమ్మ, నా జడ విప్పి మళ్ళీ అల్లుతూ.

ఆ మాట నాకు అప్పుడు తలకెక్కలేదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో, తిట్టే మనిషి లేకుండా మూడేళ్ళు బతికాక ఎక్కింది.

నేను అంతోణిని చేసుకున్నాను. అదే ఫ్యాక్టరీలో పుల్లలను మందులో ముంచే పనిలో ఉండేవాడు. వాడిదీ మన భాషే, ఇంట్లో మనలాగే మాట్లాడతాడు, కాకపోతే చర్చికి పోతాడు. ఆ ‘కాకపోతే’ దగ్గరే అమ్మ ఆగిపోయింది. విరుదునగర్ చర్చిలో పెళ్ళయింది, అక్కడే పప్పు మిల్లులో వాడికి పని దొరికింది, స్టేషను వెనక ఒక గది, ఒక వంటిల్లు అద్దెకు తీసుకున్నాం. కోవిల్‌పట్టినుంచి విరుదునగర్‌కి సాత్తూరు మీదుగా బస్సులో గంటన్నర కూడా పట్టదు. ఆ గంటన్నర దూరం మూడేళ్ళు తరగలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగినా పెట్టని అమ్మ మా అమ్మ.

తొంభై తొమ్మిదిలో, అరవవాళ్ళ ఆడి నెలలో, అంటే ఆషాఢపు గాలులు మొదలైన వారానికి నాకు కూతురు పుట్టింది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు. అంతోణికి తల్లి లేదు. పక్కింటి ఆవిడ పంచవర్ణం నాలుగు రోజులు అన్నం వండిపెట్టి తన బీడీల పనికి తను పోయింది. పాపకు బొడ్డు ఊడేదాకా తడిగుడ్డతో తుడుస్తూ వచ్చాను. బొడ్డు ఊడింది. ఇక నూనె రాసి నీళ్ళు పోయాలి.

నాకు ఆ పని రాక కాదు. ఏ కాలు ముందు చాచాలో, బొటనవేలు ఎక్కడ ఆనించాలో, అన్నీ కళ్ళారా చూసినదాన్నే. అయినా పాపని నా కాళ్ళమీద వేసుకుని నూనెగిన్నె దగ్గరికి లాక్కునేసరికి చేతులు ఆడలేదు. ఈ పిల్ల ఒంటిమీద మొదట పడాల్సిన చెయ్యి నాది కాదనిపించింది. మా అమ్మ చెయ్యి కావాలి. కోవిల్‌పట్టిలో ఎవరెవరి పిల్లలకో దొరికిన చెయ్యి నా పిల్లకెందుకు దొరకకూడదని ఏడుపొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. నాకు ఆ రెండూ ఎప్పుడూ జంటగానే వస్తాయి.

అమ్మ పనిలో ఒక కట్టు ఉంది. బిడ్డ పుట్టిన ఇంటివాళ్ళు ఒక వస కొమ్ము, రెండు తమలపాకులు పంపితే అదే పిలుపు. వస చేతికి తీసుకున్నాక ఆ ఇంటికి ఒక్క రోజైనా వెళ్ళి నీళ్ళు పోసి తీరాలి. ఒంట్లో బాగా లేకపోయినా, ఆ ఇంటితో మాటలు లేకపోయినా సరే. ఒకసారి మా నీళ్ళ కుళాయి దగ్గర అమ్మ కొప్పు పట్టుకుని కొట్టినావిడ మనవడికి కూడా అమ్మ వెళ్ళి నీళ్ళు పోసి వచ్చింది. “బిడ్డకి మన జగడం తెలుస్తుందా?” అంది.

ఆ కట్టునే నేను పట్టుకున్నాను. మోసమే, ఒప్పుకుంటాను. కోవిల్‌పట్టిలో మా వీధి కమలమ్మాళ్ అక్క కూతురిని విరుదునగర్‌లోనే ఇచ్చారు. అక్క వారం వారం కూతురిని చూడడానికి వచ్చేది, పోతూ పోతూ నన్నూ పలకరించేది. ఆమె చేతిలో వస కొమ్ము, తమలపాకులు పెట్టాను.

“ఎవరి ఇల్లని అడిగితే ఏమి చెప్పేది?” అంది అక్క.

“స్టేషను వెనక ఒక ఇల్లని చెప్పు. ఆడబిడ్డ అని చెప్పు. అంతే.”

మరుసటి వారం అక్క వచ్చి కబురు చెప్పింది. అమ్మ వస తీసుకుందట. ఎవరిల్లని అడగలేదట. “వచ్చే గురువారం, తొమ్మిది గంటలకి” అందట. తెలిసి తీసుకుందో తెలియక తీసుకుందో అక్కకి అంతుబట్టలేదు. “మీ అమ్మ మొగం చూసి ఏమన్నా కనిపెట్టే పనేనా?” అంది.

వారం రోజులు నేను కాలు కాలిన పిల్లిలా తిరిగాను. గుమ్మంలో నన్ను చూసి వెనక్కి తిరిగిపోతే? పోదు, వస తీసుకుంది. వస్తుంది, నీళ్ళు పోస్తుంది. నా భయం అది కాదు. పని చేసి, ‘పరవాయిల్లైంగ’ అనేసి, పరాయి ఇంటినుంచి వెళ్ళినట్టు వెళ్ళిపోతే? అమ్మ నన్ను తిట్టాలి. నా ఇంట్లో నిలబడి, నోరారా, తెలుగులో. అది జరిగితే నేనింకా ఆమె కూతురిని. జరగకపోతే నేను స్టేషను వెనక ఒక ఇల్లు, అంతే.

అందుకని తిట్లకి అన్ని ఏర్పాట్లూ చేశాను.

ఆ పొద్దున లేచి ముందు నీళ్ళు గోరువెచ్చగా కాచి దింపేశాను. అమ్మకి మోచెయ్యి పెడితే చురుక్కుమనే వేడి కావాలి. నువ్వులనూనె కాచనేలేదు. తమలపాకు తుంపి వేసి కాచిన నూనె తప్ప అమ్మ ముట్టదు. గిన్నెలో చల్లగా పోసి పెట్టాను. పీటని సరిగ్గా వాకిలికి ఎదురుగా వేశాను. ఆడి గాలి ఎర్రమట్టిని మోసుకుని తిన్నగా దానిమీదికే కొడుతోంది. తుడిచేందుకు కొత్త తువ్వాలు తీసి పెట్టాను, గంజి కూడా వదలనిది. ఇన్ని తప్పులు ఒకేచోట చూస్తే మా అమ్మ నోరు ఊరుకోదని నా ధీమా.

అంతోణి మిల్లుకి పోవడానికి చొక్కా వేసుకుంటూ ఇదంతా చూశాడు.

“ఏమి జెయంతీ ఇది? పిలిచినోళ్ళు ఇల్లు సర్దుతారు. నువ్వు చెడగొడతా ఉండావు.”

“నీకు తెలీదు, ఊరుకో.”

“బిడ్డకి జలుబు చేస్తేనో?”

“దానికి అసలు నీళ్ళు వెనక పొయ్యిమీద కాగతా ఉండాయిలే. అంత తెలీనిదాన్నా?”

వాడు నవ్వాడు. నవ్వి, గోడమీది మరియమ్మ పటం వైపు చూశాడు. “దాన్ని ఈ పూటకి తీసి లోపల పెట్టేదా?”

“వద్దు. ఉండేది ఉండేటట్టే చూడనీ.”

“నేనైతే వేగంగా పోతా. నన్ను చూస్తే వచ్చిన బస్సులోనే తిరిగి ఎక్కుతుందేమో.” మాట తేలిగ్గానే అన్నాడు. కానీ చెప్పులేసుకుంటూ పాపని రెండుసార్లు చూసి వెళ్ళాడు, అత్తగారి ముందు ఆ పిల్లకి తన పోలికలు మరీ కనబడతాయేమోనని భయపడ్డట్టు. నాకు వాడిమీద జాలేసింది, అమ్మమీద కోపమొచ్చింది, అయినా అమ్మే కావాలనిపించింది.

తొమ్మిది కాకముందే వచ్చింది. పసుపురంగు గుడ్డసంచి, నీలం చీర, ఎప్పటిలాగే కుడిపక్కకి దోపిన కొంగు. మనిషి చిక్కిపోయింది. చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. నేను చూడకుండానే తెల్లబడ్డాయి. గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. ఆశ్చర్యపోలేదు. తెలిసే వచ్చిందన్నమాట!

“అమ్మా” అన్నాను.

“పాపని చూపిస్తారా అమ్మా?” అంది, అరవంలో. ఆ ‘అమ్మా’ నాకు కొత్తది కాదు. నీళ్ళు పోయడానికి వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఆమె ఆ ఇంటి ఆడవాళ్ళని అలాగే పిలిచేది. పైగా నన్ను మీరు అంది. కన్నతల్లి నోట ఆ మాట వింటే ఎలా ఉంటుందో చెప్పలేను. చెంపదెబ్బ నయం.

సరే, నా ఏర్పాట్లున్నాయి కదా అనుకున్నాను. పాపని అందించాను. అందిస్తున్నప్పుడు ఎడమ రొమ్ము సలిపి పళ్ళు బిగబట్టాను, పాలున్నప్పుడు ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాను. ఇలాంటివి అడగడానికి నాకెవరున్నారు గనక?

అమ్మ పీటని చూసింది. పాపని ఒక చేతిమీద ఉంచుకునే, రెండో చేత్తో పీటని లాగి గోడవారకి, గాలి తగలని చోటికి జరుపుకుంది. చీర మోకాళ్ళదాకా పైకి మడిచి, కాళ్ళు చాచి కూర్చుంది. నూనెగిన్నెలో వేలు ముంచింది. నూనె అరచేతుల్లో పోసుకుని, రెండు చేతులూ కాసేపు గట్టిగా రుద్ది, వేడెక్కాక పాప గుండెమీద ఆనించింది. నా ముఖం వైపైనా చూడలేదు.

“నూనె కాచడం మర్చిపోయాను” అన్నాను తెలుగులో, ఎర వేస్తున్నట్టు.

“పరవాయిల్లైంగ” అంది.

నీళ్ళలో మోచెయ్యి పెట్టి చూసింది. లేచి, పాపని నా చేతికిచ్చి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, వెనక పొయ్యిమీది వేన్నీళ్ళ అండాని గుడ్డతో పట్టుకుని తెచ్చి కలుపుకుంది. నేను దాచిన చోటు ఆమెకి ఎవరూ చెప్పనక్కరలేదు. తాతకి దగ్గులు నేర్పబోతే ఇలాగే అవుతుంది. గంజి తువ్వాలుని మడతపెట్టి పక్కన పెట్టింది. తన సంచిలోంచి మెత్తటి పాతగుడ్డ తీసింది. వంకాయరంగు. పదో తరగతిలో నేను కట్టిన ఓణీ అది. నాలుగు మడతలు పెట్టి, అంచులు కుట్టి ఉంది. అది చూసి నేను నోరు తెరిచాను గానీ, అమ్మ ముఖంలో ‘అడక్కు’ అని రాసి ఉంది. అడగలేదు.

ఆ తర్వాత పని మొదలుపెట్టింది. చాచిన కాళ్ళ మధ్య పల్లంలో పాప ఒదిగిపోయింది. అమ్మ బొటనవేళ్ళు రొమ్ము మధ్యనుంచి భుజాలదాకా, తొడలనుంచి మడమలదాకా జారాయి. కుడిచెయ్యి, ఎడమకాలు కలిపి ముడిచి వదిలింది. తర్వాత ఎడమచెయ్యి, కుడికాలు. బోర్లా తిప్పి వెన్ను నిమిరింది. రెండు వేళ్ళతో ముక్కు సాగదీసింది. మూడు వారాలుగా ఇల్లు పీకి పందిరేసిన పిల్ల కళ్ళు అరమోడ్చి, ఎవరో పెద్దమనిషిలా నిట్టూర్చింది. నేను అక్కడే గోడకి ఆనుకుని నిలబడి చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నా కూతురిమీద నాకు అసూయ పుట్టింది. ఆ కాళ్ళమీద నేనూ పడుకున్నదాన్నే. నన్ను ఎత్తుకోవద్దు, నిమరొద్దు. ఆ చేత్తో ఒక మొట్టికాయ వేసినా చాలు.

నీళ్ళు పోసింది. తుడిచింది. సాంబ్రాణి పొగ చూపించింది. వస కాల్చి అరగదీసిన బొట్టు పాప అరికాలికి పెట్టింది. నా ఏర్పాట్లన్నీ అయిపోయాయి. ఒక్క తిట్టు రాలేదు. గడియారం పదిన్నర చూపిస్తోంది.

“బిడ్డకి పాలియ్యండమ్మా, బాగా నిద్రపోతుంది” అని అరవంలో చెప్పి, పాపని నాకిచ్చి, సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది.

నేను గోడవైపు తిరిగి కూర్చున్నాను. కన్నీళ్ళు ఆమె కంట పడకూడదని ఒక పంతం. పాపని ఎడమవైపు పట్టాను. పాప రెండుసార్లు లాగి, పాలు రాక, వదిలేసి కెవ్వుమంది. ప్రాణం పోయినంత నొప్పి. నాకు తెలియకుండానే నా నోట్లోంచి చిన్న కేక వచ్చింది.

వెనక సంచి సర్దుతున్న చప్పుడు ఆగిపోయింది.

అమ్మ వచ్చి నా ముందు చతికిలబడింది. అడగలేదు, చెప్పలేదు, పైటకొంగు పక్కకి తోసి చెయ్యి వేసింది. ఆ చెయ్యి వేడిగా, నూనెగా ఉంది.

“ఏమే ఇది?” అంది. తెలుగులో. “రాయి మాదిరి ఉండాదే! పాలు గడ్డ కట్టిపోయుండాయే! ఎన్ని దినాలయిందే ఇట్లా?”

“మూడు దినాలు.”

“మూడు దినాలా! వొళ్ళు చూడు, జరంతో కాగతా ఉండాది. బుద్ది ఉండాదా నీకు? ఈ వీదికంతా వినబడే నోరు కదే నీది, నొస్తా ఉందని చెప్పేదానికి నోట్లో కుడుము పెట్టుకోనుండావా? ఇది పండి చీము పడితే కత్తి పెట్టి కోస్తారు, తెలుసునా? బిడ్డకి పాలు యాడనుంచి వచ్చేది? సాయంత్రం ఆస్పత్రికి పోవాల, విన్నావా? నీ మొగుడు రానీ, వాడికీ ఉండాది. పొద్దన్నుంచి చూస్తా ఉండా, చల్ల నూనె, చల్ల నీళ్ళు, గాల్లో పీట! నేను నేర్పించిన లచ్చణమా ఇది?”

తిడుతూనే ఉంది. తిడుతూనే పాపని కుడివైపుకి మార్చి, మిగిలిన వేన్నీళ్ళలో ఓణీ గుడ్డ ముంచి, పిండి, రొమ్ముకి కాపడం పెట్టింది. పక్కలనుంచి మెల్లగా మధ్యకి నిమురుతోంది. నొప్పికి నా కళ్ళముందు చుక్కలు కనబడ్డాయి, అయినా ఆపేస్తుందేమోనని కిక్కురుమనలేదు. మూడేళ్ళ బాకీ ఒక్కసారిగా తీరుతున్నట్టు ఆ తిట్లు వింటూ కూర్చున్నాను.

“అంత నొస్తా ఉంటే నాకు ఎందుకే చెప్పలేదు?” అంది చివరికి.

అక్కడ నాకు తిక్క రేగింది. సుఖంగా తిట్లు తిని ఊరుకోవలసింది, నా నోరు ఊరుకుంటుందా?

“నీకా? నీకు చెప్పేదానికి నేను రాలేదా? ఏడో నెల కడుపుతో, మే నెల అగ్గినచ్చత్రం ఎండలో, గంటసేపు నీ వాకిట్లో నిలబడింటి. వీదిలోవాళ్ళంతా చూస్తా ఉండిరి. తలుపు తీస్తివా? నీ చేతి ఎండుచేపల పులుసు తినాలనుండాదమ్మా అని తలుపుకి చెప్పుకొని వస్తిని. ఇంక ఎట్లా చెప్పేది?”

పాప కుడివైపు గుటకలు వేస్తూ తాగుతోంది. గుడ్డ చల్లారితే అమ్మ మళ్ళీ ముంచి పిండింది. రొమ్ములో గడ్డ ఎక్కడో కొంచెం సడలి, పాలు చుక్క చుక్కగా ఆమె వేళ్ళమీదికి కారాయి. వాటిని తుడుచుకోలేదు.

“వింటిని” అంది. “తలుపెనకే ఉంటిని.”

నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె నా ముఖంలోకి చూడలేదు. చేతి పనిమీదే చూపు పెట్టుకుని చెప్పింది.

“నువ్వు పోయినాక పులుసు చేస్తిని. సట్టి నిండా చేస్తిని. రెండు దినాలు ఒక్కదాన్నే కూర్చోని తింటిని.”